ప్రెషర్ వెసెల్ డిజైన్ కోడ్: తక్కువ ఖర్చుతో నేర్చుకునే దారి, ఫీజు కట్టాల్సిన చోటు

ప్రెషర్ వెసెల్ (ఒత్తిడిలో ఉన్న వాయువునో ద్రవాన్నో పట్టి ఉంచే పాత్ర) డిజైన్‌లోకి రావాలనుకున్న మెకానికల్ ఇంజనీరు చాలాసార్లు మొదట చేసే పని అమీర్‌పేటలోనో ఆన్‌లైన్‌లోనో పీవీ ఎలైట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కోర్సుకు డబ్బు కట్టేయడం. నెల తిరిగేసరికి సాఫ్ట్‌వేర్‌లో ఏ గడిలో ఏ అంకె వేయాలో వస్తుంది. ఎందుకు వేయాలో మాత్రం రాదు. ఇంటర్వ్యూలో "జాయింట్ ఎఫిషియెన్సీ 0.85 ఎందుకు తీసుకున్నావ్?" అని, అంటే వెల్డ్ జాయింట్ బలంలో ఎంత భాగాన్ని లెక్కలోకి తీసుకోవచ్చో చెప్పే అంకె గురించి అడిగితే, అక్కడే ఆగిపోతారు. వరుస మార్చండి: ముందు ఉచితంగా దొరికేది చదవండి, తర్వాత ఒక వెసెల్‌ను చేత్తో లెక్కకట్టండి, మిగిలిపోయిన సందేహాలకే డబ్బు పెట్టండి. సాఫ్ట్‌వేర్ అన్నిటికన్నా చివర.

1. ఏ కోడ్ కావాలో ముందు తేల్చుకోండి

"ప్రెషర్ వెసెల్ కోర్సు" అని అడిగితే అన్నీ కలిపి ఒక పెద్ద ప్యాకేజీ చేతిలో పెడతారు. మీ పని దేని మీద ఉండబోతోందో తెలిస్తే అందులో సగం వదిలేయవచ్చు.

జీడిమెట్ల, పాశమైలారం, బొల్లారం వైపు ఫ్యాబ్రికేషన్ షాపులకు ఎక్కువగా వచ్చేవి ఫార్మా రియాక్టర్లు. స్టెయిన్‌లెస్ స్టీల్ షెల్, బయట జాకెట్ లేదా లింపెట్ కాయిల్ (సగానికి చీల్చిన పైపును షెల్ చుట్టూ వెల్డ్ చేసింది), లోపల ఫుల్ వాక్యూమ్. వీటికి ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్‌లో ప్రెషర్ వెసెళ్ల భాగమైన సెక్షన్ 8, అందులో డివిజన్ 1 చాలు. అందులోనూ ఎక్స్‌టర్నల్ ప్రెషర్ (యూజీ-28 క్లాజు), జాకెట్లకు అపెండిక్స్ 9, హాఫ్ పైప్ కాయిల్‌కు అపెండిక్స్ ఈఈ బాగా రావాలి. విశాఖ రిఫైనరీ పనులైతే కాలమ్‌లు, హీట్ ఎక్స్ఛేంజర్లు వస్తాయి కాబట్టి ట్యూబ్‌షీట్ల (ఎక్స్ఛేంజర్ ట్యూబులను పట్టి ఉంచే రంధ్రాల ప్లేట్ల) భాగం యూహెచ్‌ఎక్స్, గాలికి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, భూకంపానికి ఐఎస్ 1893 తప్పవు. ఎల్పీజీ బుల్లెట్లయితే పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ పెసో అమలు చేసే 2016 నాటి స్టాటిక్ అండ్ మొబైల్ ప్రెషర్ వెసెల్స్ రూల్స్ కూడా చదవాలి. ఆవిరి సామాను అయితే ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్. గల్ఫ్ వెళ్లే ఆలోచన ఉన్నవారికి ఏఎస్‌ఎంఈతో పాటు బీ31.3 పైపింగ్ కోడ్ కలిసొస్తుంది.

డివిజన్ 2, ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్, ఫెటీగ్ మొదటి ఏడాదిలో అవసరం పడేవి కావు. "అడ్వాన్స్‌డ్" అన్న పేరు మీద ఫీజు పెంచేది ఎక్కువగా వీటితోనే.

2. కోడ్ పుస్తకం ఎక్కడ దొరుకుతుంది

ఏఎస్‌ఎంఈ కోడ్ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో వస్తుంది: 2019, 2021, 2023, 2025. సొంతంగా కొనాలంటే ఒక్క సెక్షన్‌కే వందల డాలర్లు. సెక్షన్ 8 ఒక్కటే కొంటే సరిపోదు. స్ట్రెస్ విలువలకు సెక్షన్ 2 పార్ట్ డి, వెల్డింగ్‌కు సెక్షన్ 9, పరీక్షలకు సెక్షన్ 5 ఉండాలి. విద్యార్థి సొంత డబ్బుతో కొనే సరుకు కాదిది.

అందుబాటులో ఉన్న దారి, కోడ్ ఉన్న చోట కూర్చుని చదవడం. యూ స్టాంప్ (వెసెళ్ల తయారీకి ఏఎస్‌ఎంఈ ఇచ్చే అనుమతి ముద్ర) ఉన్న ప్రతి ఫ్యాబ్రికేటర్ దగ్గరా ప్రస్తుత ఎడిషన్ ఉండి తీరాలి, లేకపోతే కోడ్ ప్రకారం తనిఖీ చేసే ఆథరైజ్డ్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు. అక్కడ క్వాలిటీలోనో ప్రొడక్షన్‌లోనో చిన్న ఉద్యోగం దొరికినా, డిజైన్ సెక్షన్‌లో ఉన్న కాపీని మధ్యాహ్నం భోజనాల వేళ తిరగేయవచ్చు. కాలేజీ లైబ్రరీలో పాత ఎడిషన్ ఉందేమో కూడా అడగండి. నిర్మాణం అర్థం చేసుకోవడానికి పాతదీ పనికొస్తుంది, ఎడిషన్ సంవత్సరం మాత్రం నోటు పుస్తకం మీద రాసుకోవాలి.

టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే స్కాన్ కాపీలతో చట్టం సమస్య ఎలాగూ ఉంది. దాన్ని మించి, అది ఏ ఏడాదిదో, ఏ పేజీలు పోయాయో తెలియదు.

పాత నోట్సును పట్టుకోవడానికి మూడు గుర్తులు చాలు. హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి చేసే ఒత్తిడి పరీక్ష) 1.5 రెట్లు అని ఉంటే అది 1999 అడెండా (కోడ్ సవరణలు) కంటే ముందుది. ఇప్పుడు 1.3 రెట్లు, దాన్ని స్ట్రెస్ నిష్పత్తితో గుణించాలి. ఎస్‌ఏ-516 గ్రేడ్ 70 అనే కార్బన్ స్టీల్ ప్లేట్‌కు అలవబుల్ స్ట్రెస్ (లెక్కలో అనుమతించే గరిష్ఠ స్ట్రెస్) 17,500 పీఎస్‌ఐ అని ఉన్నా అదే కథ. టెన్సైల్ స్ట్రెంగ్త్‌ను 4తో భాగించిన రోజులవి, ఇప్పుడు 3.5తో భాగిస్తారు కాబట్టి 20,000 పీఎస్‌ఐ, అంటే 138 మెగాపాస్కల్. సేఫ్టీ వాల్వుల నియమాలను ఇంకా సెక్షన్ 8లోనే యూజీ-125 దగ్గర చూపిస్తుంటే అది 2021కి ముందుది. ఆ ఎడిషన్‌తో అవి కొత్తగా వచ్చిన సెక్షన్ 13లోకి వెళ్లిపోయాయి.

3. పైసా ఖర్చు లేని పునాది

ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ప్రాసెస్ ఎక్విప్‌మెంట్ డిజైన్ వీడియోలు ఉచితం. సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే రుసుము. వెల్డింగ్, నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ మీద ఉన్న కోర్సులు కూడా చూడండి. డిజైన్ నేర్చుకునేవారు వీటిని దాటేస్తారు, కానీ జాయింట్ ఎఫిషియెన్సీ మొత్తం వెల్డ్ రకం మీద, వెల్డ్‌ను ఎక్స్‌రేలా తీసి చూసే రేడియోగ్రఫీ మీదే నిలబడి ఉంది.

భారతీయ ప్రమాణాలను బీఐఎస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఉచితంగా దించుకోవచ్చు. ఐఎస్ 2825 అలాంటిదే. 1969 నాటిది, యూనిట్లు కేజీఎఫ్‌లో ఉంటాయి, ఈ రోజు పెద్ద ఆర్డర్లు దాని మీద తక్కువ. అయినా ఒక కోడ్ ఎలా ఆలోచిస్తుందో పూర్తిగా, చట్టబద్ధంగా, ఉచితంగా చదవడానికి దొరికే పుస్తకం ఇదే. షెల్, డిష్ ఎండ్ (గిన్నెలా వంచిన మూత), ఓపెనింగ్ అధ్యాయాలు చదివాక ఏఎస్‌ఎంఈ తెరిస్తే భాష కొత్తగా అనిపించదు.

ఇంకో రెండు చోట్లు. కెనడాకు చెందిన ప్రెషర్ వెసెల్ ఇంజనీరింగ్ అనే సంస్థ తన సైట్‌లో నమూనా వెసెళ్ల లెక్కలను, డ్రాయింగులను ఉచితంగా పెట్టింది. అమెరికాలోని నేషనల్ బోర్డ్ ఆఫ్ బాయిలర్ అండ్ ప్రెషర్ వెసెల్ ఇన్‌స్పెక్టర్స్ తన బులెటిన్‌ను, సాంకేతిక వ్యాసాలను ఉచితంగా ఇస్తుంది. వెసెల్ ఇన్‌స్పెక్టర్ల ఏపీఐ 510 పరీక్షకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ప్రచురించే బాడీ ఆఫ్ నాలెడ్జ్ పత్రాన్ని కూడా దించుకోండి. పరీక్ష రాయకపోయినా పర్వాలేదు, సెక్షన్ 8లో ఏ క్లాజుల నుంచి లెక్కలు అడుగుతారో అందులో ఉంటుంది. అంటే ఖర్చు లేని సిలబస్.

4. ఒక వెసెల్‌ను కాగితం మీద పూర్తిగా లెక్కకట్టండి

అసలు శిక్షణ ఇదే. కాలిక్యులేటర్, ఎ4 కాగితాలు, రెండు వారాల సాయంత్రాలు చాలు. ఉదాహరణకు ఈ కొలతలు తీసుకోండి: లోపలి వ్యాసం 1,200 మి.మీ., షెల్ పొడవు 2,000 మి.మీ., రెండు వైపులా 2:1 ఎలిప్సాయిడల్ డిష్ ఎండ్లు, డిజైన్ ప్రెషర్ 1.0 మెగాపాస్కల్ (సుమారు 10 బార్), లోపల ఫుల్ వాక్యూమ్ కూడా, ఉష్ణోగ్రత 150 డిగ్రీలు, ప్లేట్ ఎస్‌ఏ-516 గ్రేడ్ 70, కరోజన్ అలవెన్స్ (తుప్పుకు వదిలే అదనపు మందం) 3 మి.మీ. కింది క్లాజు నంబర్లు 2021 ఎడిషన్‌వి.

షెల్ మందానికి యూజీ-27: ఒత్తిడిని లోపలి వ్యాసార్ధంతో గుణించి, ఆ వచ్చినదాన్ని (అలవబుల్ స్ట్రెస్ × జాయింట్ ఎఫిషియెన్సీ − 0.6 × ఒత్తిడి)తో భాగించాలి. వ్యాసార్ధం 600 కాదు, 603. తుప్పు తినేశాక ఉండే వ్యాసార్ధం తీసుకోవాలి. కొత్తవారు మొదట జారేది ఇక్కడే.

ఇప్పుడు మూడు రేడియోగ్రఫీ స్థాయిలకూ విడివిడిగా కట్టండి. షెల్ రెండు వైపులా వెల్డ్ చేసిన బట్ జాయింట్ అనుకుంటే:

రేడియోగ్రఫీ లేకుండా, ఎఫిషియెన్సీ 0.70: 603 ÷ 96.0 = 6.28. అలవెన్స్ 3 కలిపితే 9.28. ప్లేట్ 10 మి.మీ.
స్పాట్ రేడియోగ్రఫీ, 0.85: 603 ÷ 116.7 = 5.17. అలవెన్స్ 3 కలిపితే 8.17. ప్లేట్ మళ్లీ 10 మి.మీ.
ఫుల్ రేడియోగ్రఫీ, 1.0: 603 ÷ 137.4 = 4.39. అలవెన్స్ 3 కలిపితే 7.39. ప్లేట్ 8 మి.మీ.

ఇక్కడ కాసేపు ఆగండి. బజార్లో 8 తర్వాత మామూలుగా దొరికేది 10. కాబట్టి ఈ షెల్‌కు స్పాట్ రేడియోగ్రఫీ మీద పెట్టిన డబ్బు ప్లేట్ మందంలో ఏమీ మిగల్చదు. తీయిస్తే ఫుల్ తీయించాలి, లేదంటే అసలు వద్దు. ఫుల్ తీయిస్తే రెండు మీటర్ల షెల్‌లో సుమారు 120 కిలోల ప్లేట్ మిగులుతుంది. ఆ 120 కిలోల ధర ఫిల్ముల ఖర్చు కంటే ఎక్కువా తక్కువా అన్నది ఎస్టిమేషన్ వాళ్లు తేలుస్తారు. కానీ ఆ ప్రశ్న వేయగలిగినవాడే డిజైనర్. సాఫ్ట్‌వేర్ మూడు సందర్భాల్లోనూ పచ్చగా "పాస్" అని చూపించి ఊరుకుంటుంది.

ఇప్పుడు డిష్ ఎండ్. ఒత్తిడిని తుప్పు తర్వాతి వ్యాసం 1,206తో గుణించి, (2 × స్ట్రెస్ × ఎఫిషియెన్సీ − 0.2 × ఒత్తిడి)తో భాగించండి. 0.85 దగ్గర 5.15, అలవెన్స్‌తో 8.15. 1.0 దగ్గర 4.37, అలవెన్స్‌తో 7.37. ఇవి ప్రెస్ చేశాక మిగలాల్సిన కనీస మందాలు. ఫార్మింగ్‌లో ప్లేట్ పలచబడుతుంది. 15 శాతం పోతుందనుకుంటే 10 మి.మీ. ప్లేట్ 8.5 దగ్గర ఆగి రెండిటికీ సరిపోతుంది, 8 మి.మీ. ప్లేట్ 6.8కి పడి దేనికీ సరిపోదు. అంటే షెల్ 8 అయినా డిష్ ఎండ్‌కు 10 మి.మీ. ప్లేటే ఆర్డర్ పెట్టాలి. డ్రాయింగ్ మీద "నామినల్ 10, ఫార్మింగ్ తర్వాత కనీసం ఇంత" అని రెండూ రాయకపోతే, సరుకు వచ్చాక థిక్‌నెస్ గేజ్ పెట్టిన రోజున గొడవ మొదలవుతుంది.

వాక్యూమ్‌కు యూజీ-28. సపోర్టుల మధ్య పొడవులో డిష్ ఎండ్ లోతులో మూడో వంతు రెండు వైపులా కలపాలి. ఈ డిష్ ఎండ్ లోతు 300, మూడో వంతు 100, కాబట్టి పొడవు 2,000 కాదు, 2,200. షెల్ 10 మి.మీ. అయితే తుప్పు తర్వాత 7 మి.మీ. మిగిలి, తట్టుకునే బయటి ఒత్తిడి సుమారు 0.24 మెగాపాస్కల్ వస్తుంది. ఫుల్ వాక్యూమ్‌కు కావాల్సింది 0.101. హాయిగా నెగ్గుతుంది. షెల్ 8 మి.మీ.కు దించితే మిగిలేది 5 మి.మీ., ఒత్తిడి సుమారు 0.105కి పడిపోతుంది. పాసే, కానీ అంచు మీద. పొడవులో ఆ 200 కలపడం మరిచిపోయినవాళ్లకు 0.116 దాకా వచ్చి, చాలా మార్జిన్ ఉందనిపిస్తుంది. రేడియోగ్రఫీతో మిగిల్చిన ప్లేట్ వాక్యూమ్ దగ్గర ఏం చేసిందో ఈ ఒక్క లెక్కలో కనబడుతుంది. ఇదే వెసెల్ 3,000 పొడవుంటే 8 మి.మీ. నిలబడదు, మందం పెంచాలి లేదా స్టిఫెనింగ్ రింగ్ వేయాలి.

చివరగా ఒక 2 అంగుళాల నాజిల్ (వెసెల్‌కు పైపు కలిపే మూతి). అలవాటు కొద్దీ షెడ్యూల్ 80 (షెడ్యూల్ అంటే పైప్ గోడ మందం తరగతి) వేస్తారు. యూజీ-45 తెరవండి. 2 అంగుళాలకు పట్టికలో కనీస మందం 3.42 మి.మీ., అలవెన్స్ 3 కలిపితే 6.42 కావాలి. షెడ్యూల్ 80 పైప్ 5.54. అందులో మిల్ టాలరెన్స్ (తయారీలో మందం తగ్గే అవకాశం) 12.5 శాతం తీస్తే 4.85. ఫెయిల్. షెడ్యూల్ 160 అయితే 8.74, టాలరెన్స్ పోగా 7.65. పాస్. ఇంత చిన్న నాజిల్‌కు రీఇన్‌ఫోర్స్‌మెంట్ (రంధ్రం చుట్టూ బలం చేర్చే) లెక్క అక్కర్లేదని యూజీ-36 చెబుతుంది, దాంతో చాలామంది యూజీ-45 కూడా అక్కర్లేదనుకుంటారు. అది తప్పు. ఫ్లాంజ్ క్లాస్ 150కి 150 డిగ్రీల దగ్గర ఫ్లాంజ్‌ల ప్రమాణమైన బీ16.5 రేటింగ్ 15.8 బార్, కాబట్టి అక్కడ చిక్కు లేదు.

ఇది పూర్తయ్యాక అదే వెసెల్‌కు 6 అంగుళాల నాజిల్ పెట్టి యూజీ-37 రీఇన్‌ఫోర్స్‌మెంట్, యూసీఎస్-66లో ఇంపాక్ట్ టెస్ట్ మినహాయింపు, యూజీ-99 హైడ్రో టెస్ట్ ప్రెషర్ చేయండి. ఆ తర్వాత ప్లేట్‌ను ఎస్‌ఎస్ 316ఎల్‌గా మార్చి మళ్లీ మొదటినుంచి. అక్కడ పార్ట్ డి పట్టికలో ఒకే మెటీరియల్‌కు రెండు వరుసల స్ట్రెస్‌లు కనిపిస్తాయి. పెద్ద విలువల వరుసకు జీ5 అనే నోటు తగిలించి ఉంటుంది. కాస్త వంగినా పర్వాలేని షెల్‌కు అది సరే. గాస్కెట్ కూర్చునే ఫ్లాంజ్‌కు ఆ వరుస తీసుకుంటే లెక్కలో నెగ్గిన ఫ్లాంజ్ సైట్‌లో కారుతుంది.

5. సందేహాల పట్టిక, దానికి తగ్గ ఖర్చు

చేత్తో కట్టిన లెక్కలో ఎక్కడెక్కడ ఆగారో పక్కన రాస్తూ రండి. మామూలుగా ఆ పట్టికలో మిగిలేవి ఎఫిషియెన్సీకి సంబంధించిన యూడబ్ల్యూ-11, యూడబ్ల్యూ-12 మెలికలు, యూసీఎస్-66, అపెండిక్స్ 2 ఫ్లాంజ్ డిజైన్, ట్యూబ్‌షీట్. ఇందుకు 60 గంటల కోర్సు అక్కర్లేదు. ఫ్యాబ్రికేషన్ కంపెనీలో డిజైన్ చేసి రిటైరైన పెద్దాయన ఎవరైనా గంటల లెక్కన చెప్పడానికి ఒప్పుకుంటే, మీ కాగితాలు ముందే పంపి కూర్చోండి. కొన్ని గంటల్లోనే చాలా ముడులు విడిపోతాయి. విశాఖలో ఒకప్పటి బీహెచ్‌పీవీ, ఇప్పటి బీహెచ్ఈఎల్ హెవీ ప్లేట్స్ అండ్ వెసెల్స్ ప్లాంట్, హైదరాబాద్‌లో రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ ఉన్నందువల్ల అలాంటివారు ఈ రెండు ఊళ్లలో దొరుకుతారు. ఖైరతాబాద్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఉపన్యాసాల వంటి చోట్ల పరిచయాలు కలుస్తాయి.

6. కోర్సు కొనక తప్పదనుకుంటే

ఫీజు కట్టేముందు ఈ ప్రశ్నలు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా అడగండి. ఏ ఎడిషన్ మీద చెబుతారు? ఇంటి లెక్కలు ఇస్తారా, ఎవరు దిద్దుతారు? బ్యాచ్‌లో ఎంతమంది? చెప్పే మనిషి లెక్కలు ఎప్పుడైనా ఆథరైజ్డ్ ఇన్‌స్పెక్టర్ లేదా థర్డ్ పార్టీ రివ్యూకు వెళ్లాయా? ఫీజులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా? తర్వాత డెమో క్లాసులో ఒక్క ప్రశ్న వేయండి: "షెల్‌కు రేడియోగ్రఫీ లేకపోతే సీమ్‌లెస్ డిష్ ఎండ్‌కు ఎఫిషియెన్సీ ఎంత?" 0.85 అని చెప్పి యూడబ్ల్యూ-12ని చూపించినాయన దగ్గర కూర్చోవచ్చు. "సీమ్ లేదు కదా, 1.0" అని తడుముకోకుండా అనేస్తే లేచి రండి.

దూరంగా ఉండాల్సినవి కొన్ని. సాఫ్ట్‌వేర్ క్రాక్ చేసి ఇస్తామనేవారు, ఉద్యోగం గ్యారంటీ అనేవారు, "ఏఎస్‌ఎంఈ సర్టిఫైడ్ డిజైనర్" అవుతారని చెప్పేవారు. యూ, యూ2, ఎస్ స్టాంపులు కంపెనీలకు ఇచ్చేవి, మనుషులకు కాదు. 2021 ఎడిషన్‌లో డిజైనర్ల అర్హతల మీద అపెండిక్స్ 47 చేర్చారు. దాని ప్రకారం కూడా డిజైనర్ యోగ్యతను తేల్చుకుని రికార్డు పెట్టుకోవాల్సింది తయారీదారే. కోచింగ్ సెంటర్ ఇచ్చే కాగితం ఆ ఫైల్లో ఒక పత్రంగా చేరొచ్చు, అంతకుమించి విలువ లేదు.

ఏఎస్‌ఎంఈ సంస్థ సొంతంగా నడిపే కోర్సులు మంచివే, కానీ ఫీజులు డాలర్లలో. అవి మీ జేబులోంచి కాదు, కంపెనీ కట్టాల్సినవి.

7. ఫీజు తగ్గించుకునే దారులు

కంపెనీలో ఉన్నవారు ఒక్కొక్కరు విడిగా వెళ్లకుండా, ఐదారుగురు కలిసి ట్రైనర్‌నే షాపుకు పిలిపించమని అడగాలి. అలా పిలిచేటప్పుడు ఫీజు మామూలుగా రోజు లెక్కన మాట్లాడతారు కాబట్టి తలకు పడేది తగ్గుతుంది, పైగా మీ సొంత జాబ్ డ్రాయింగ్ మీదే పాఠం జరుగుతుంది. జీఎస్టీకి కంపెనీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోగలిగితే మేనేజ్‌మెంట్‌ను ఒప్పించడం ఇంకా తేలిక. యూ స్టాంప్ ఉన్నచోట అపెండిక్స్ 47ను కూడా ప్రస్తావించండి, ఖర్చుకు అదే కారణం చూపించొచ్చు.

కొత్తగా డిగ్రీ, డిప్లొమా పూర్తి చేసినవారికి నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ ఉంది. ఫీజు కట్టక్కర్లేదు, ఏడాది పాటు స్టైపెండ్ మీకే వస్తుంది. పోర్టల్‌లో నమోదు చేసుకునేటప్పుడు పెద్ద పేర్ల వెంటే పడకుండా ప్రెషర్ వెసెల్ షాపులకూ దరఖాస్తు పెట్టండి. చేరాక డిజైన్ సెక్షన్‌లోనే కూర్చోబెట్టమని పట్టుబట్టొద్దు. మొదటి మూడు నెలలు షాప్ ఫ్లోర్ మీద ప్లేట్ రోలింగ్, ఫిట్-అప్, హైడ్రో టెస్ట్ చూసినవారికి యూడబ్ల్యూ క్లాజులు వేగంగా ఎక్కుతాయి.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఆ 1,200 మి.మీ. వెసెల్ లెక్కల ఫైల్‌ను తీసుకెళ్లండి. మొదటి పేజీలో డిజైన్ డేటా, ఎడిషన్ సంవత్సరం. ప్రతి లెక్క పక్కన క్లాజు నంబరు. చివర్లో చేతి లెక్కకూ సాఫ్ట్‌వేర్ ఫలితానికీ తేడా వచ్చిన చోట్లు, కారణాలు. డిజైన్ హెడ్ ఎక్కువసేపు ఆగేది ఆ చివరి పేజీ దగ్గరే. అక్కడి ప్రతి అంకెకూ జవాబు సిద్ధం చేసుకుని వెళ్లండి.